అడిస్ అబాబాలో మళ్లీ గుణింతం

భోగి, సోమవారం, జనవరి 13, 2025

పండక్కి అరిసెలు వండాల్సిన మనిషి ఆఫ్రికా పోవడమేమిటని మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. తెలుగు పంతులమ్మకి సంక్రాంతి సెలవులు తప్ప ఇంకెప్పుడు కుదురుతుంది? తమ్ముడు ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ తొమ్మిదేళ్లు గడిపేశాడు. "ఎప్పుడొస్తావక్కా" అని అడిగి అడిగి వాడికే విసుగొచ్చాక, రెండు ప్యాకెట్ల అరకు కాఫీపొడి, నాలుగు సీసాల పచ్చళ్లు సర్దుకుని విజయనగరంలో బయల్దేరాను. ముంబైలో ఎక్కిన విమానం ఐదున్నర గంటల్లో బొలే విమానాశ్రయంలో దింపింది.

ఇంటి మెట్లు ఒక అంతస్తు ఎక్కేసరికి గుండె దడదడ. వయసు మీద పడిందనుకున్నాను. "వయసు కాదక్కా, ఎత్తు" అన్నాడు తమ్ముడు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల పైన ఉంది. మన ఊటీ కన్నా ఓ వంద మీటర్లు ఎక్కువ. మెట్ల మీద ఆయాసపడుతుంటే కిందింటావిడ నా చెయ్యి పట్టుకుని "ఐజోష్" అంది. భయం లేదు, ధైర్యంగా ఉండమని. తూలినా, తుమ్మినా, ఏడ్చినా ఇక్కడ అందరూ అనే మాట అదేనట. మగవాళ్లకైతే "ఐజోహ్". నేర్చుకున్న మొదటి మాట ఓదార్పు మాట కావడం బాగానే ఉంది.

హాల్లో గోడ మీద క్యాలెండర్‌లో తారీఖు తిర్ 5, సంవత్సరం 2017. పాతది తియ్యలేదేమో అని మరదల్ని అడిగితే నవ్వింది. "కొత్తదే వదినా. వీళ్లకి ఇప్పుడు నడుస్తున్నది 2017." ముప్పయ్యేసి రోజుల నెలలు పన్నెండు, చివర అయిదో ఆరో రోజుల పదమూడో నెల ఒకటి, పగుమె అని. కొత్త సంవత్సరం సాధారణంగా సెప్టెంబరు 11న వస్తుంది. మూడేళ్లకోసారి అధికమాసం కలిపి సర్దుకునే జాతికి ఇందులో వింతేముంది? ఎనిమిదేళ్లు తగ్గాయన్న సంతోషంతో పడుకున్నాను.

పడుకోనివ్వలేదు మేనకోడలు. దాని వయసు ఏడు, బళ్లో ఇక్కడి భాష అమ్హారిక్ ఒక పాఠం. "అత్తా, నీకు హా హు వచ్చా?" అంది. మనం అ ఆలు అన్నట్టు వాళ్లు హా హు అంటారట. పలక తెచ్చి గుమ్మంలా ఒక గీత గీసింది: రెండు కాళ్లు, పైన కప్పు. ఇది "బె". కుడి కాలికి నడుమ చిన్న గీత పెడితే "బు". అదే గీత పాదం దగ్గర పెడితే "బి". ఎడమ కాలు కురచ చేస్తే "బా". కుడి పాదానికి సున్నా చుడితే "బే".

నేను లేచి కూర్చున్నాను. ఇది గుణింతం! హల్లు ఒకటే, అచ్చు మారితే ఒంటికి ఓ కొమ్మో సున్నో తగులుకుంటుంది. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం. మనకి పన్నెండు పైచిలుకు రూపాలైతే వాళ్లకి ఏడు. ముప్పైమూడు హల్లులు, ఒక్కోదానికి ఏడేసి, మొత్తం 231. ఈ లిపిని ఫిదెల్ అంటారు. ముప్పయ్యేళ్లుగా పిల్లల చేత గుణింతం వల్లె వేయించిన దాన్ని, ఏడేళ్ల టీచరమ్మ ముందు మోకాళ్లు ముడుచుకుని "బె బు బి బా బే" అంటూ కూర్చున్నాను.

సంక్రాంతి, మంగళవారం, జనవరి 14

నిన్న సాయంత్రం వీధి చివర ఓ టాక్సీ డ్రైవరుతో నేనే గొప్పగా ఇంగ్లీషులో బేరమాడి, రేపు రెండు గంటలకి రమ్మన్నాను. పొద్దున ఎనిమిదింటికి, నేను తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే కింద ఒకటే హారన్. నీలం రంగు పాత లాడా కారు, పక్కన నిలబడి వాచీ చూపిస్తున్న పెద్దమనిషి. "టూ ఓ క్లాక్, మేడమ్!"

ఇక్కడ గంటలు పొద్దు పొడవగానే మొదలవుతాయి. మన ఏడు వాళ్లకి ఒకటి, మన ఎనిమిది వాళ్లకి రెండు. సాయంత్రం ఆరు దాటాక రాత్రికి మళ్లీ ఒకటి నుంచి లెక్క. భూమధ్యరేఖకు తొమ్మిది డిగ్రీల దూరంలోనే ఉన్న ఊరు కాబట్టి సూర్యుడు ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేళకి వస్తాడు, పోతాడు. ఆయన్నే గడియారం చేసుకున్నారు. సూర్యోదయాన్నించి గడియలు లెక్కేసిన పంచాంగాల వాళ్లం, అర్ధరాత్రి తారీఖు మారుతుందంటే మనమెందుకు ఒప్పుకున్నామో మరి. తడి జుట్టుతోనే కారెక్కాను.

జాతీయ మ్యూజియంలో లూసీని చూశాను. 1974 నవంబరులో అఫార్ ప్రాంతంలోని హదర్ దగ్గర దొరికిన ఎముకలు, వయసు దాదాపు 32 లక్షల ఏళ్లు. తవ్వకాల శిబిరంలో ఆ రాత్రి మోగిన పాట నుంచి విదేశీయులు లూసీ అన్నారు. ఇక్కడివాళ్ల పేరు దిన్కినెష్, 'నువ్వొక అద్భుతం' అని. అద్దాల పెట్టెలో ఉన్నది నమూనా, అసలు ఎముకలు లోపల భద్రంగా దాచారు. నిలబెట్టిన అస్థిపంజరం నా నడుం దాటి కొంచెమే పైకి వచ్చింది, మా ఒకటో తరగతి పిల్లంత. ఆ బళ్లోంచే మనమందరం వచ్చామంటారు. నా పక్కన నిలబడ్డ స్కూలు పిల్లలకి మాత్రం లూసీ కన్నా నా చీరే వింత. "హింద్! హింద్!" అని గుసగుసలు. వాళ్లని తీసుకొచ్చిన మాస్టారు, తనకి లెక్కలు చెప్పింది ఇండియా నుంచి వచ్చిన సారేనని చెప్పి చేతులు జోడించాడు. ఈ మాట తర్వాత వారమంతా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు, కిరాణా కొట్టులో, బ్యాంకులో, ఆఖరికి చెప్పులు కుట్టే చోట కూడా. ఎప్పుడో ఎవరో తెలియని మాస్టార్లు చెప్పిన లెక్కలకి నాకు దండాలు దక్కుతున్నాయి.

అక్కణ్నించి సిదిస్త్ కిలో. ఆ మాటకి ఆరు కిలోమీటర్లని అర్థం. అరత్ కిలో అంటే నాలుగు. సిదిస్త్ కిలోలో ఉన్న యూనివర్సిటీ ఒకప్పుడు హైలే సెలాసీ చక్రవర్తి భవనం. దాని ముందు ఎక్కడికీ పోని మెట్ల వరస ఒకటుంది. ఇటలీ ఆక్రమించినప్పుడు ఫాసిస్టుల ఏలుబడికి ఏడాదికొక మెట్టు చొప్పున కట్టారు. వాళ్లు పోయాక ఇథియోపియన్లు దాన్ని పగలగొట్టలేదు, కొసమెట్టు మీద తమ సింహాన్ని కూర్చోబెట్టారు. మీరు కట్టిందాన్నే మేము ఎక్కి కూర్చున్నామని. పగలగొట్టడం కన్నా ఇది గట్టి దెబ్బ. వీధికి ఆవల ఎత్తైన స్తూపం ఉంది, 1937 ఫిబ్రవరిలో ఇటలీ సైన్యం మూడు రోజుల పాటు ఊరి జనాన్ని ఊచకోత కోసినందుకు గుర్తు. దాని మీద శిల్పాలు చూశాక పండగ పూట భోజనం సహించలేదు.

కనుమ, బుధవారం, జనవరి 15

మనకి కనుమనాడు మినుము, మాంసం. వాళ్లకి బుధవారం ఉపవాసం. బుధ, శుక్రవారాలు ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. నాలాంటి శాకాహారికి ఆ రెండు రోజులూ పండగే. "యెత్సోమ్" అంటే చాలు, ఉపవాసపు భోజనమని, ఏ హోటల్‌లోనైనా బెయాయ్‌నెతు అనే రకరకాల కూరల పళ్లెం తెచ్చి పెడతారు.

ముందు మెర్కాతో. ఆఫ్రికాలోనే అతి పెద్ద బజార్లలో ఒకటి అంటారు. వీధులకి పేర్లు సరుకుల్ని బట్టి. మిరపకాయల వరసలో పది నిమిషాలు నిలబడితే గుంటూరు యార్డులో ఉన్నట్టు దగ్గు. బెర్బెరె అని వాళ్ల కారప్పొడి, అందులో ఏలకులు, మెంతులు, ఇంకేవేవో దినుసులు. నన్ను కట్టిపడేసింది మినాలెష్ తెరా అనే పాత సామాన్ల వరస. ఆ పేరుకి 'నీ దగ్గరేముంది?' అని అర్థం. నూనె డబ్బాలు బొగ్గుల కుంపట్లవుతున్నాయి, డ్రమ్ములు తలుపు రేకులవుతున్నాయి, లారీ టైర్లు చెప్పులవుతున్నాయి. సుత్తుల మోతలో మాట వినపడదు. మా ఊళ్లో ఇలాంటి పనివాళ్లు ఒక్కొక్కరే కనుమరుగైపోయారు, ఇక్కడ ఒక పేటంతా ఉంది. మైమరచి చూస్తుంటే నా సంచి జిప్పు ఎవరో సగం తీశారు. చూసింది నేను కాదు, కుంపట్లు అమ్మే ముసలాయన. కేకేసి, నా సంచి నా కడుపు మీదికి తిప్పి, "ఐజోష్" అన్నాడు.

మినీబస్సుల గురించి చెప్పకపోతే ఈ ఊరి గురించి ఏమీ చెప్పనట్టే. నీలం తెలుపు రంగు పాత వ్యాన్లు. తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ కుర్రాడు "మెక్సికో! మెక్సికో! మెక్సికో!" అని అరుస్తాడు. మొదటిసారి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మెక్సికో ఇక్కడొక కూడలి. ఆ కుర్రాణ్ని వెయాలా అంటారు. దిగాలంటే "వెరాజ్ అల్లే" అనాలి, 'దిగేవాళ్లున్నారు' అని. నేను దిగుతున్నాను అని కాదు, దిగేవాళ్లున్నారు అని. ఆ మర్యాద నాకు నచ్చింది, నా గొంతు మాత్రం డ్రైవరుదాకా పోలేదు. రెండు స్టాపులు దాటాక పక్కనున్న కాలేజీ అమ్మాయి నా తరఫున అరిచింది.

ఇక భోజనం. పెద్ద పళ్లెం నిండా ఒకే ఇంజెరా. తెఫ్ అనే గసగసాలంత గింజ పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, మట్టి పెనం మీద ఒకవైపే కాలుస్తారు. తిరగెయ్యరు. పైన గుంటలు గుంటలుగా లేస్తాయి, వాటిని కళ్లు అంటారు. నోట్లో పెట్టుకుంటే మా అమ్మ పోసిన పుల్లట్టు! దాని మీద కుప్పలుగా ఎర్ర కందిపప్పు లాంటి మసూరు, పసుపు వేసిన బఠాణీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, బీట్‌రూట్, నడుమ షిరో. శనగపిండితో ఉడికించిన ఆ గుజ్జు అచ్చం పూరీల్లోకి మనం చేసే బొంబాయి చట్నీ, కారం మూడింతలు.

నాకు కష్టమైంది రుచి కాదు. కిందింటావిడ కూడా మాతో వచ్చింది, నలుగురికీ పళ్లెం ఒకటే. అందరి చేతులూ అందులోనే. ఎంగిలి అనే మాటతో పెరిగిన దాన్ని. నా వైపు అంచులో చిన్నగా తుంచుకుంటూ గిరి గీసుకుని తింటుంటే, ఆవిడ ఇంజెరాలో పప్పు చుట్టి ముద్ద చేసి నా నోటి ముందు పెట్టింది. దీన్ని గుర్షా అంటారు. వద్దంటే తప్పు. మా అమ్మ పోయాక నా నోట్లో ఇంకొకరు ముద్ద పెట్టింది లేదు. నోరు తెరిచాను. ముద్ద చాలా పెద్దది, కళ్లనీళ్లు కారానికి వచ్చాయని చెప్పాను.

జనవరి 16, గురువారం

ఎంతోతో కొండ. 3,000 మీటర్లు దాటిన ఎత్తు, జామాయిల్ చెట్ల వాసన. మెనెలిక్ చక్రవర్తి రాజధాని మొదట ఈ కొండ మీదే. చలీ గాలీ పడలేక రాణి తాయ్‌తు కింద వేడినీటి ఊటల దగ్గర 1886లో ఇల్లు కట్టించుకుంది, ఆ చోటుకి అడిస్ అబాబా, అంటే కొత్త పువ్వు, అని పేరు పెట్టింది. జనం పెరిగి వంటచెరుకు కరువైతే ఆస్ట్రేలియా నుంచి జామాయిల్ తెప్పించి నాటారు. వీళ్లు దాన్ని బహిర్ జాఫ్ అంటారు, సముద్రం దాటొచ్చిన చెట్టు. ఆ చెట్టే లేకపోతే రాజధాని మరో చోటికి మారేదట. నేల సారం పీల్చేస్తుందని తిట్టుకుంటూనే నాటడం అక్కడా ఇక్కడా ఒకటే. కొండ దిగుతుంటే వీపు మీద మోపుతో నడుం రెండుగా వంగిన ఆడవాళ్లు ఎదురయ్యారు. ఫోటో తియ్యబోయి ఫోను లోపల పెట్టేశాను.

సాయంత్రం కిందింటావిడ కాఫీకి పిలిచింది. అరకు కాఫీ ప్యాకెట్ పట్టుకుని పోయాను, కొల్లేరు వాళ్లకి చేపలు పట్టుకెళ్లినట్టు. అరబికా పుట్టిందే ఈ కొండల్లో. కాఫీ తాగడానికి గంటన్నర పట్టింది. గచ్చు మీద పచ్చగడ్డి పరిచారు. పచ్చి గింజలు కడిగి, మన కళ్ల ముందే వేయించి, పొగ రేగుతున్న పెనం ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ తెచ్చింది. చేత్తో పొగని మీదికి లాక్కోవాలి, హారతి తీసుకున్నట్టు. పక్కనే నిప్పుల మీద సాంబ్రాణి. జెబెనా అనే నల్లమట్టి కూజాలో కాచి, సినీలనే చెవుల్లేని చిన్న కప్పుల్లో ఎత్తునించి ధార పోసింది. మొదటి వాయి అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. ఒకే పొడి మీద నీళ్లు పోస్తారు కాబట్టి అబోల్ గొంతు పట్టుకుంటుంది, బరకా పలచగా ఉంటుంది. కానీ బరకా అంటే దీవెన, అది తాగకుండా లేవకూడదు. నేను ఏదో అడిగితే ఆవిడ గాలి లోపలికి పీల్చి హక్కుమంది. ఎక్కిళ్లేమో అనుకుని నీళ్లిచ్చాను. అది 'అవును' అనడం.

వస్తుంటే వీధిలో బోర్డు మీద గుమ్మం అక్షరం కనిపించింది. కుడి పాదానికి సున్నా ఉంది, బే. పక్కన శిలువలాంటిది, త్. బేత్! మేనకోడలు ఎగిరి గంతేసింది. బేత్ అంటే ఇల్లు. అక్కణ్నించి ఇంటిదాకా ఎక్కడ చూసినా అదే. తిమ్హిర్త్ బేత్ పాఠశాల, మిగిబ్ బేత్ భోజనశాల, మెద్హనిత్ బేత్ మందుల షాపు, బేతె క్రిస్తియాన్ చర్చి. మనం శాల తగిలించే చోటల్లా వీళ్లు ఇల్లు కట్టేస్తారు. "బునా బేత్ అని రాసుంది, కాఫీ తాగుదాం రా" అని తమ్ముణ్ని లాగితే వాడు పడీపడీ నవ్వాడు. బునా బేత్ అన్న చోట చాలాసార్లు దొరికేది బీరట.

జనవరి 17, శుక్రవారం

లాలిబెలాలో రాతిని తొలిచి కట్టిన చర్చిలు చూడాలని ఎంతో ఉండేది. అమ్హారా ప్రాంతంలో 2023 నుంచి పోరు నడుస్తోంది, వద్దన్నాడు తమ్ముడు. ఊళ్లోనే ఉన్నాం.

పియాసా అనే పాత పేటకి పోతే సగం పియాసా లేదు. పాత పేటలు కూలగొట్టి వెడల్పు రోడ్లు, సైకిళ్ల దారులు, వరుస దీపాలు వేశారు. అందంగానే ఉంది. తొమ్మిదేళ్ల కిందట తను మొదటి షూ కొనుక్కున్న కొట్టు ఎక్కడుండేదో తమ్ముడు చాలాసేపు వెతికాడు. ఇక్కడి డబ్బు బిర్రు కథ కూడా అలాంటిదే. 2024 జూలైలో దాన్ని మార్కెట్‌కి వదిలేశాక, డాలరుకి 57 దగ్గరున్నది వంద దాటేసింది. మాకు చవక. సామాన్లు కొంటున్న స్థానికుల మొహాలు చూస్తే ఆ చవక సంతోషం నిలవలేదు.

పియాసాలోనే అద్వా విజయ స్మారకం ఉంది, 2024 ఫిబ్రవరిలో తెరిచారు. 1896 మార్చి 1న మెనెలిక్ సైన్యం ఇటలీని ఓడించిన యుద్ధం. రాణి తాయ్‌తు కూడా సొంత సైన్యంతో నిలబడింది. ఫిరంగులూ డాళ్లూ అందరూ చూశారు, నేను ఒక ఒప్పందం దగ్గర ఆగిపోయాను. 1889లో వుచాలే ఒప్పందాన్ని రెండు భాషల్లో రాసుకున్నారు. పదిహేడో అంశం అమ్హారిక్‌లో, విదేశీ వ్యవహారాలకి ఇథియోపియా కావాలంటే ఇటలీ సాయం తీసుకోవచ్చు అని. ఇటాలియన్‌లో, ఇటలీ ద్వారానే జరపాలి అని. 'వచ్చు'కీ 'వలెను'కీ తేడా! వ్యాకరణం ఎందుకు మేడమ్ అని ఏటా అడిగే తొమ్మిదో తరగతి వాళ్లకి ఈ జూన్‌లో మొదటి పాఠం ఇదే.

మెస్కెల్ స్క్వేర్ పక్కన రెడ్ టెర్రర్ మ్యూజియం చిన్నది. 1974లో చక్రవర్తిని దించిన సైనిక ప్రభుత్వం, ఆ తర్వాతి ఏళ్లలో వేలమంది యువకుల్ని చంపింది. గోడల నిండా ఫోటోలు, అద్దాల వెనక ఎముకలు, చినిగిన బట్టలు. ఫోటోల కింద పేర్లు ఫిదెల్‌లో. నాకొచ్చిన నాలుగు అక్షరాలతో ఒక్కో పేరూ కూడబలుక్కున్నాను. ఒక పేరులో 'బే' దొరికింది, ఇంకొక పేరులో 'బి'. మిగతా అక్షరాలు తెలియలేదు. మా టెన్త్ హాజరుపట్టీలో ఉండే వయసు మొహాలు. బయట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

జనవరి 18, 19

శనివారం మధ్యాహ్నానికి ఊరు ఊరంతా తెల్లబట్టల్లోకి మారింది. ఏసు బాప్తిస్మం పొందిన పండగ, తిమ్కెత్. 'తిమ్కెత్‌కి కట్టని కోక చిరిగిపోనీ' అని సామెత ఉందట. మరదలు నాకూ నెతెలా అనే జరీ అంచు పల్చటి తెల్ల శాలువా కప్పింది.

ప్రతి చర్చిలోనూ తాబోత్ ఉంటుంది, దేవుడి పది ఆజ్ఞల పలకకి ప్రతిరూపం. ఎవరి కంటా పడకూడదు. పట్టుబట్టలు చుట్టి పూజారి తల మీద పెట్టుకుని బయటికొస్తాడు, పైన జరీ గొడుగులు, వెనక డప్పులు, ముందు పాటలు. ఉత్సవమూర్తిని ఊరేగించడం చూసి పెరిగిన కళ్లకి దారి చూపించక్కర్లేదు. చూడనిది ఒకటే. తాబోత్ నేల మీద నడవకూడదని కుర్రాళ్లు ఎర్ర తివాచీ పరుస్తారు. పూజారి దాటగానే వెనకది చుట్టేసి, భుజానేసుకుని, పరుగున ముందుకొచ్చి మళ్లీ పరుస్తారు. కిలోమీటర్ల దూరం ఇలాగే, చెమటలు కక్కుతూ, నవ్వుతూ. రాత్రంతా తాబోత్‌లు జాన్ మెదా మైదానంలో గుడారాల్లో ఉన్నాయి. ఆదివారం తెల్లారక ముందే పోయాం, వాళ్ల లెక్కలో రాత్రి పదకొండింటికి. నీళ్లు మంత్రించి గొట్టాలతో జనం మీదికి చిమ్మారు. నా వంతుకి మొహం మీద పడ్డది దోసెడు చల్లటి నీళ్లు, గోదారి పుష్కరాల్లో పక్కవాళ్లు మునిగితే మన మీద పడ్డట్టే.

రాత్రి విమానం. మేనకోడలు గుమ్మం దగ్గర ఒక కాగితం ఇచ్చింది, రెండు అక్షరాలు, పెద్దగా. చదవమంది. "అ... తా." "తప్పు. అత్తా!" అంది. వత్తు ఏదీ అన్నాను. ఫిదెల్‌లో వత్తు రాయరట. 'అలె' అంటే అన్నాడు, 'అల్లె' అంటే ఉన్నాడు, రెండూ రాసేది ఒకేలాగ. మినీబస్సులో దిగేవాళ్లున్నారు అన్న ఆ 'అల్లే' కూడా. చదివేవాళ్లే తెలుసుకుని వత్తి పలకాలి. నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో వత్తు మరిచిపోయినందుకు ఎన్ని మార్కులు కోశానో.

బొలేలో చెకిన్ అయ్యాక ఆఖరి బునా అడిగాను. డబ్బులిస్తుంటే పర్సులోంచి ఆ కాగితం జారింది. కాఫీ పోసిన అమ్మాయి తీసి చూసి, "అతా?" అంది.

"అత్తా" అన్నాను.

"అత్తా" అంది ఆ పిల్ల, సరిగ్గా వత్తి.